విడ్బీ దీవిలో మనూష్ గిటార్ల మధ్య ఒక్క పాట

నాకు మనూష్ జాజ్ పిచ్చి పట్టి నాలుగేళ్ళు. ఫ్రాన్స్ వైపు బళ్ళలోనే కాపురాలు చేస్తూ ఊరూరూ తిరిగిన మనూష్ కుటుంబాల సంగీతం అది. డ్రమ్స్ ఉండవు, ఆ పనీ గిటార్లే చేస్తాయి. మంటల్లో ఎడమచేతి వేళ్ళు రెండు దెబ్బతిన్నా, మిగిలిన రెండింటితోనే దీన్ని లోకానికి వినిపించిన మహానుభావుడి రికార్డులు వినండి, మీకూ పిచ్చి పడుతుంది, నాదీ పూచీ. నేర్చుకున్నాను సరే, పదిమందిలో ఒక్క పాట పూర్తిగా వాయించనిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. రెండుచోట్ల సగంలోనే మర్యాదగా లేపేశారు. "ఈసారి కూడా లేపేస్తే గిటార్ అమ్మేస్తా" అని మా ఆవిడ సరళతో అనేశాను. 2012 సెప్టెంబర్‌లో విడ్బీ దీవిలోని లాంగ్లీ అనే చిన్న ఊళ్ళో ఈ గిటార్ల వాళ్ళు కలుస్తున్నారని విని బయల్దేరాం.

శనివారం ఉదయం ఎనిమిదికి మేముండే రెడ్‌మండ్‌లో కారెక్కితే, 405 హైవే మీదుగా ముకిల్టియో ఫెర్రీ రేవుకి ముప్పావుగంట. కారుకీ ఇద్దరికీ కలిపి పదిహేను డాలర్లు అటూ ఇటూ. లైన్లోనే గంట గడిచింది, సరళ పులిహోర డబ్బా అక్కడే ఖాళీ అయింది. నీళ్ళ మీద ఇరవై నిమిషాలు, దిగాక లాంగ్లీకి మరో పావుగంట.

ఒక బేకరీ వెనక పెరట్లో ఆరుగురు గుండ్రంగా కూర్చుని వాయిస్తున్నారు. చిన్న నోరున్న ఆ గిటార్లని లావుపాటి పిక్‌తో మీటితే పొడిగా, ఖంగుమని మోగుతాయి. ఫ్రాన్స్‌లోని అల్సాస్ నుంచి వచ్చిన మనూష్ పెద్దాయన నాకు కుర్చీ చూపించాడు. కొత్తగా వచ్చినవాళ్ళు సోలో జోలికి పోకుండా, పక్కవాళ్ళకి రిథమ్ మాత్రమే పట్టాలని అక్కడి రివాజు. మొదలుపెట్టాను. నిమిషం తిరక్కుండానే పెద్దాయన చెయ్యెత్తాడు, పాట ఆగిపోయింది.

"కాఫీ తాగి రా" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

కాఫీ దగ్గర సరళ నెమ్మదిగా అంది. "ఏవండీ, ఫీల్ అవ్వనంటే ఒకటి చెప్తా. నాలుగు లెక్కపెడితే వాళ్ళు రెండు మీద, నాలుగు మీద గట్టిగా కొడుతున్నారు. మీరేమో భజనలో తాళాలు వేసినట్టు ఒకటి మీద బాదేస్తున్నారు. కాలు కూడా అక్కడే ధన్‌మంటోంది."

చిన్నప్పుడు మా వీధి భజనలో పదేళ్ళు తాళాలు వేసింది నేనే మరి!

"నాలుగేళ్ళ నుంచి చెప్పలేదేం?"

"తలుపేసుకుని ప్రాక్టీస్ చేస్తే నాకెలా తెలుస్తుంది స్వామీ!"

వెనక్కెళ్ళి పెద్దాయనకి నా భజన తాళాల సంగతి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన పడీపడీ నవ్వాడు. "మా ఇంట్లో కాగితం మీద రాసుకున్న సంగీతమే లేదు. మామయ్యల పక్కన కూర్చుని నేనూ ఏళ్ళ తరబడి ఈ రిథమే పట్టాను. రెండో ప్రపంచయుద్ధంలో మావాళ్ళని ఎందరినో చంపేశారు. మిగిలినవాళ్ళు చేతుల్తో నేర్పారు. కూర్చో."

కాలు కదలకుండా కుర్చీ కోడుకి మెలేశాను. రెండు, నాలుగు. రెండు, నాలుగు. చెమటలు పట్టాయి. పెద్దాయన కళ్ళు మూసుకుని సోలో అందుకున్నాడు. పాట పూర్తయింది. అందరూ ఆయనకి చప్పట్లు కొట్టారు. ఆయన వెంటనే తర్వాతి పాట ఎత్తుకున్నాడు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట, శనివారాల్లో ఎనిమిదిలోపే ఫెర్రీ లైన్లో ఉండండి. ఇక నా సంగతంటారా, ఆ సంగీతంలోని మెరుపులు చూసే ఇన్నాళ్ళూ మోజుపడ్డాను. వాటి కింద ఒకడు చక్, చక్ అంటూ మోస్తూనే ఉంటాడనీ, వాడి మీదికి ఎవరి దృష్టీ పోలేదంటే వాడు బాగా వాయించినట్టేననీ అక్కడ తెలిసింది. ఆ రోజు సాయంత్రం దాకా ఆ ఆరుగురిలో ఒక్కరూ నా వంక చూడలేదు. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది.