బాపు కాలికి మెత్తగా తగిలిన బ్రేకు

“ఎవనిదిరా గా నెత్తురు?” అని అడిగాడు బాపు, మా నాయన.

హుస్నాబాద్‌లో మెకానిక్ షెడ్డు ముందు, మా పాత ట్రక్కు డ్రైవర్ సీట్లో కూర్చుని, చెప్పుల్లేని కుడికాలితో బ్రేకు పెడల్‌ను నొక్కి పట్టుకుని ఉన్నాడు. నెత్తురు ఆయన అరికాలి నుంచే కారుతోంది. పెడల్ రబ్బరు అరిగిపోయి, ఇనుప అంచు తేలి చర్మాన్ని కోసింది. ఆయనకు తెలియలేదు.

ఇదంతా బ్రేకు ప్యాడ్లు మార్చడంతో మొదలైంది. ముందు చక్రాలకు కొత్త ప్యాడ్లు వేయించి బజారు దాకా పోయివచ్చిన బాపు, పెడల్ మెత్తగా ఉందన్నాడు. నిజమే. నేను తొక్కితే సగందాకా ఊరికే దిగిపోయింది. పని చేసేటప్పుడు బ్రేకు ఆయిల్ పైపులోకి గాలి చొరబడి ఉంటుందన్నాడు మెకానిక్. బాపు పెడల్ తొక్కుతుంటే అతను చక్రం దగ్గర నట్టు వదులు చేసి, బుడగలు పోయి ఆయిల్ సాఫీగా వచ్చేదాకా గాలి తీశాడు. ఆ తర్వాత నేను తొక్కాను, గట్టిగా ఉంది. మెకానిక్ తొక్కాడు, గట్టిగా ఉంది.

“దూదిల కాలు వెట్టినట్టే ఉన్నది,” అన్నాడు బాపు. “నీ చేతిల వడ్డంక బండి గిట్లగాక ఎట్లైతది?”

“గాలి బండిల లేదు కాకా, నీ తలకాయల ఉన్నది,” అని మెకానిక్ నవ్వాడు. అయినా మళ్లీ గాలి తీశాడు. ఒక్కో చక్రానికి పోయే గొట్టాన్ని నొక్కిపట్టి చూశాడు. ఎక్కడా తేడా లేదు. చివరికి, ఆయిల్‌ను చక్రాలకు తోసే మాస్టర్ సిలిండర్ మీద అనుమానపడ్డాడు. అది లోపల కారుతుంటే, నొక్కి పట్టిన పెడల్ మెల్లగా కిందికి జారుతుంది. అందుకే బాపును కదలకుండా తొక్కి పట్టమని, తలుపు దగ్గర వంగి చూశాడు. పెడల్ ఉన్నచోటే ఉంది. అప్పుడే నెత్తురు కనబడింది.

బాపుకు చాలా ఏళ్లుగా షుగర్. ఖానాపూర్ మక్కల లోడైనా, ఆదిలాబాద్ పత్తి లోడైనా, చెప్పులు విప్పే బండెక్కేవాడు. బువ్వ పెట్టే చోట చెప్పులేందనేవాడు. నాకు నేర్పినప్పుడూ విప్పించాడు. “చెప్పులేసుకుంటె బండి సంగతి కాలికెట్ల ఎరుకైతది?” అన్నాడు.

కాలు చూపించడానికి కరీంనగర్ తీసుకెళ్తే, డాక్టర్ ఆయన్ను కళ్లు మూసుకోమని, సన్నని దారం లాంటిదాన్ని అరికాలికి తాకిస్తూ, తగిలినప్పుడు చెప్పమంది. వేళ్లు అయ్యాయి, మడమ అయింది. పరీక్షకు కూర్చున్న పిల్లాడిలా ఆయన శ్రద్ధగా ఎదురుచూశాడు.

“కానియ్యి మేడమ్,” అన్నాడు కాసేపటికి. “ఇంకా ముట్టవైతివి.”

స్పర్శ తిరిగొస్తుందని చెప్పలేనని, బండి మాత్రం నడపొద్దని ఆమె అన్నది. బాపు తలూపాడు. కట్టు కట్టిన కాలితో ఏమాత్రం కుంటకుండా మెట్లు దిగాడు.

“గా సిలిండర్ మార్పిచ్చి సూద్దాం,” అన్నాడు బయటికొచ్చాక. “గది మారిస్తె బ్రేకు పట్టుకుంటది.”

“డాక్టరమ్మ ఏం చెప్పింది బాపూ?”

“ఆమెకు బండి సంగతేమెరుక?”

పుండు ఇంకా మానలేదు. బండి షెడ్డు ముందే ఉంది. బాపు రోజూ మెకానిక్‌కు ఫోన్ చేస్తున్నాడు. కొత్త సిలిండర్ తెప్పించమంటారా అని అతను నన్ను అడిగాడు. తెప్పించమనాలో వద్దనాలో నేనింకా తేల్చుకోలేదు.