మానుకోటామె

ఇవాళ శనివారం. భూపాలపల్లిలో మా యారాలి దినాలు నిన్ననే అయిపోయాయి. యారాలంటే మా వారి తమ్ముడి భార్య. ఆమె గురించి మా మనవరాలు ఇంగ్లీషులో రాసిన వ్యాసం సోమవారం కాలేజీ పత్రికకు చేరాలి. అందులో ఒక్క మాట దగ్గర తగాదా వచ్చింది. అది తేలే లోపు తెలుగులో నా మాట కూడా ఉండాలని రాస్తున్నాను.

చావు కబురు మా మరిదే ఫోనులో చెప్పాడు. "వదినె, మీ చెల్లె లేదు ఇగ" అన్నాడు, అంతే. నిద్రలోనే పోయిందట. చేతిలోని చాట కింద పెట్టి నేను ముందు మనవరాలి గది వైపు చూశాను. ఆమె కోసం ఏడ్చేంత ఈ పిల్ల రేపు నా కోసం ఏడుస్తుందా అనిపించింది. అలాంటి వేళ అలాంటి ఆలోచనేమిటని అడగకండి. వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

ఆమె పుట్టిల్లు మానుకోట. బోర్డుల మీద మహబూబాబాద్ అని ఉంటుంది గానీ ఆమె నోట ఆ పేరు నేనెన్నడూ వినలేదు. భర్తది బొగ్గు గనిలో ఉద్యోగం కావడంతో కాపురం భూపాలపల్లిలో. అక్కడి బడిలో పిల్లలకు ఇంగ్లీషు చెప్పింది. నేను ఇక్కడ జనగామలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. నాది ఎర్ర సిరా, ఆమెది పెన్సిల్. "తప్పయితె పిల్లలే తుడుసుకోవాలె అక్కా" అనేది. నేను దిద్దిన పుస్తకాలను పిల్లలు మూసి సంచిలో పెట్టుకునేవారు. ఆమె దిద్దిన పుస్తకాలను తెరిచి ఒకరికొకరు చూపించుకునేవారట. ఈ సంగతి ఆమె చెప్పుకోలేదు. ఇంకెవరో చెప్పారు. అదొక కోపం నాకు.

ఎండాకాలం సెలవులకు మా ఇంటికి వచ్చేది. చాయ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేది. ఒక మధ్యాహ్నం, అప్పటికి బడి పిల్లగా ఉన్న మనవరాలు, హైదరాబాదు వాళ్లను హైదరాబాదీలంటారు కదా, జనగామ వాళ్లను ఇంగ్లీషులో ఏమంటారని అడిగింది. చిక్కుడుకాయలు ఒలుస్తూ నేను, 'పీపుల్ ఆఫ్ జనగామ' అని రాయమన్నాను. వ్యాకరణానికి లోటు లేదు.

మా యారాలు సాసర్ కింద పెట్టింది. "అక్కా, బస్టాండ్ల నిన్ను ఏ ఊరోళ్లని అడిగితె ఏమంటవ్?"

"జనగామోళ్లం అంట."

"గంతే. గదే రాయి బిడ్డా, ఇంగ్లీషు అక్షరాలల్ల."

ఆ తర్వాత పిల్లకు ఒక వింత చెప్పింది. రియో నగరంలో పుట్టినవాళ్లు తమను కారియోకాలనుకుంటారట. బ్యూనస్ ఏర్స్ వాళ్లు పోర్తెన్యోలట. అవి ఇంగ్లీషు మాటలు కావు. అయినా ఇంగ్లీషులో రాసేవాళ్లు వాటిని అలాగే తీసుకుని వాడుతున్నారట. "ఊరోళ్లు ఏమనుకుంటరో గదే వాళ్ల పేరు. ఇంగ్లీషోళ్లు కూడ ఒప్పుకున్నరు" అంది.

పిల్ల వెంటనే రాసింది. బహువచనం కదా అని జనగామోళ్లు చివర ఒక ఎస్ కూడా తగిలించింది. మా యారాలు పడీపడీ నవ్వింది. "ఓళ్లు అంటెనే మస్తుమంది. మల్ల ఎస్ ఎందుకు బిడ్డా?"

ఆ ముక్క తెలుగు టీచరుగా నేను అనవలసింది. అక్షరాలు దిద్దించింది నేను, సంధులు వల్లె వేయించింది నేను. ఆ పిల్ల సాయంత్రం దాకా కారియోకా కారియోకా అంటూ ఇల్లంతా తిరిగింది. సవర్ణదీర్ఘమంటూ ఏ పిల్లా అలా తిరగలేదు. అప్పటి నుంచి ఆమె టీచరవ్వ, నేను ఉత్త అవ్వ.

'జనగామోళ్లు' అని రాసిన ప్రతి నోట్సులో దాన్ని కొట్టేసి 'జనగామ వాసులు' అని దిద్దినదాన్ని నేను. పరీక్షలో ఇప్పటికీ అదే రాయాలంటాను. కానీ నేను తెలుగులోకి రానివ్వని మాటకు ఆమె ఇంగ్లీషులో పీట వేసింది. అందుకు కుళ్లుకున్నాను. కుళ్లుకుంటూనే ఆమె చెప్పినవన్నీ చెవి ఒగ్గి విన్నాను, నేర్చుకున్నాను కూడా.

ఇప్పుడు తగాదా ఇదీ. మనవరాలు వ్యాసం మొదటి వాక్యంలో, మా టీచరవ్వ మానుకోటామె అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది. కాలేజీ సారు ఆ మాట కొట్టేసి 'రెసిడెంట్ ఆఫ్ మహబూబాబాద్' అని రాశాడు. మొన్న ఆ కాగితం నా ముందు పెట్టి, "నువ్వయితె సారుదే కరెక్టంటవ్ గద అవ్వా" అంది పిల్ల.

"రెసిడెంటనేది కరెంటు బిల్లు మీద ఉంటది. మనిషికి ఎందుకది?" అన్నాను.

పిల్ల కళ్లు తుడుచుకుని నవ్వింది. "అచ్చం టీచరవ్వ లెక్కనే మాట్లాడినవ్."

నేనన్న ఒక్క మంచి మాట కూడా ఆమె ఖాతాలోకే పోయింది. పోనీ. ఇక జరగవలసినవి:

1. సోమవారం వ్యాసం మానుకోటామె అనే మాటతోనే వెళ్లాలి. సారుకు అభ్యంతరముంటే నాతో మాట్లాడాలి. కాలేజీకి నేనే వస్తాను.

2. పరాయి మాట అన్నట్టు దాన్ని వాలు అక్షరాల్లో వేయకూడదు. మిగతా మాటల్లాగే నిటారుగా నిలబెట్టాలి.

3. పత్రిక అచ్చయ్యాక మనవరాలు భూపాలపల్లికి తీసుకెళ్లి మా మరిదికి ఇవ్వాలి. ఆయనకు ఇంగ్లీషు అర్థం కాదు, అక్షరాలు మాత్రం కూడబలుక్కుంటాడు. తొందరపెట్టకూడదు. వేలు పెట్టి, ఒక్కో అక్షరం పలుకుతూ, మా... ను... కో... అని ఆయనంతట ఆయన చివరిదాకా రావాలి.