రెండు కొత్తగుంపులు

మూడు రోజులుగా ముసురు. దుకాణంలో పొద్దున్నుంచి రైతుల భూమి పహాణీలు జిరాక్స్ తీస్తున్నాను. పదింటికి పాల్వంచ నుంచి ఫోన్ వచ్చింది. మేడం తెల్లవారుజామున దవాఖానాలో పోయారు.

నాకు కంప్యూటర్ ప్రోగ్రాం రాయడం నేర్పింది ఆమే. తర్వాత గోదావరి వరద బాధితుల జాబితా పనిలో ఇద్దరం కాంట్రాక్టు మీద చేరాం. సర్వే కాగితాలను ఆమె ఊరివారీగా తాడుతో కట్టేవారు. ఒక కట్ట అయ్యేదాకా రెండోది ముట్టనిచ్చేవారు కాదు.

మండలంలో ఊరు, ఊరిలో గుంపు అనే చిన్న పల్లె, గుంపులో ఇల్లు, ఇంట్లో మనుషులు. ఏ ఊరికి ఎన్ని గుంపులో ముందుగా ఎవరికీ తెలియదు. కాగితం చదువుతుండగా కొత్త పేరు తగిలితే, ప్రోగ్రామే ఆ ఊరి లోపల దానికి చోటు చేసేది. "ముందే గళ్లు గియ్యకు. మనిషొచ్చినంక చోటు పుట్టాలె" అనేవారు.

పై అధికారికి అది నచ్చలేదు.

"ఏందమ్మా, డబ్బాల డబ్బా, దాంట్ల ఇంకో డబ్బా. ఇది లిస్టా, టిఫిన్ క్యారియరా?"

"ఊర్లే గట్లున్నయి సార్. నేను పెట్టలే."

ఆదివారం ఆమె చర్చికి పోయిన పూట ఆయన నన్ను పిలిచాడు. ఊర్లు తీసేసి, గుంపు పేర్ల మీదే జాబితా చెయ్యమన్నాడు. చేశాను.

మా వైపు ఊరి నుంచి విడిపోయి ఎక్కడ ఇళ్లు వేసుకున్నా దాని పేరు కొత్తగుంపే. ఊరు లేని జాబితాలోకి అదే పేరుతో ఇంకో ఊరి కొత్తగుంపు ఎక్కగానే మొదటిది చెరిగిపోయింది. బియ్యం లారీ వచ్చిన రోజు ఆ గుంపు మొత్తం సంచులు పట్టుకుని నిలబడి, ఖాళీ సంచులతో తిరిగిపోయింది. మేడం పాత ప్రోగ్రాం మళ్లీ నడిపి, రెండు గుంపుల పేర్లూ తీసి ఇచ్చారు. తొమ్మిది రోజులకు బియ్యం వచ్చాయి. తప్పు మాత్రం ఆమె మీద రాసి, ఉద్యోగం తీసేశారు. నేను నోరు మెదపలేదు.

"చెప్పినోడున్నడు, చేసినోడున్నడు. కంప్యూటర్ మీదికి నెట్టకు" అన్నారు మేడం నాతో. అంతకుమించి ఎన్నడూ అనలేదు.

ఈ మధ్యాహ్నం సమాధి దగ్గర ఆ అధికారి మాట్లాడాడు. "అమ్మ ఒక్క పొరపాటు చేసింది గానీ, మంచి మనిషి."

నాకు ఒళ్లు మండింది. "ఆ పొరపాటు ఆమెది కాదు సార్. మీరు చెప్పిన్రు, నేను చేసిన. గింత మంది ముంగట మళ్లా ఆమె మీదనే ఏస్తరా?"

ఆయన గొడుగు విప్పుకున్నాడు. ఆనాడు చెరిగిపోయిన కొత్తగుంపు నుంచి వచ్చిన నలుగురిలో ఒక ముసలాయన నన్ను చూసి, "గిన్నేండ్లకు చెప్తున్నవా?" అన్నాడు.

అధికారి జీపు మూడింటికి వెళ్లింది. కొత్తగుంపు వాళ్లు నలుగురూ వానలో సమాధి దగ్గరే ఉండి, అయిదింటి బస్సుకు వెళ్లారు.