ఆఖరి కాగితం లేని ముప్పై ఏడో నంబర్

2023 ఎండాకాలం. హన్మకొండల మా నాన్న జిరాక్స్ సెంటర్. ముందు సగం నాన్నది, వెనక సగం నాది. నేను పాత కామిక్స్ కొంట, దుమ్ము దులుపుత, ప్లాస్టిక్ కవర్ల పెట్టి, ఫోన్ల ఫొటోలు చూపెట్టి అమ్ముత. "గదీ ఒక పనేనా?" అని అడిగేటోళ్లు బొచ్చెడుమంది. ఒక్కొక్కలకు చెప్పుకుంట పోతే కోపం వస్తాంది. అందుకే ఈ ఒక్క కేసు రాస్తాన, చదువుకోండ్రి.

అమ్మేటియి వేరు, దాసుకునేటియి వేరు. నేను దాసుకునేది ఒక్కటే సిరీస్, కత్తుల కైలాసం. మొత్తం నలభై రెండు పుస్తకాలు. నా దగ్గర నలభై ఒకటి ఉన్నయ్. ముప్పై ఏడో నంబర్ లేదు. ఏడేండ్ల సంది దాని కోసం చిత్తు కాగితాల గోదాములు, ఆదివారం అంగళ్లు, తెలిసినోళ్ల అటకలు అన్నీ తిరిగిన. దొరుకుతలేదని ఫోన్ల వీడియో కూడా పెట్టిన. ఒక సిరీస్ అన్ని నంబర్లు ఉంటే మేం 'ఫుల్ రన్' అంటం. ఒక్కటి తక్కువైనా ఫుల్ రన్ కాదు. ఊడిన పన్ను లెక్క, నాలుక ఎప్పుడు ఆడికే పోతది.

ఒకనాడు మాపటీలి ఒకాయన వచ్చిండు. భుజం మీద తువ్వాల, చేతిల పత్తి గింజల కవరు.

"కైలాసం పుస్తకాల బిడ్డవు నువ్వేనా?"

"అవును కాకా, చెప్పు." నా కండ్లు ఫోన్ల మీదనే ఉన్నయ్.

"తొర్రూరు దిక్కు మాది. నా పేరు ఐలయ్య. మా బిడ్డ నీ వీడియో చూపిచ్చింది. ముప్పై ఏడు దొరుకుతలేదంటివి గదా."

ఫోన్ పక్కకు పెట్టిన. ఆయన కవరు విప్పిండు. ముప్పై ఏడో నంబరే! అట్ట మీద రంగు కూడా పోలే.

మా పనిల పుస్తకం చేతికి రాంగనే 'గ్రేడింగ్' చేస్తం. అంటే అట్ట, కుట్టు, పిన్నుల తుప్పు, పేజీల లెక్క చూసి అది ఎంత మంచిగున్నదో చెప్పుడు. పిన్నులు ఓకే. కుట్టు ఓకే. పేజీలు ముప్పై రెండు ఉండాలె. లెక్కపెట్టిన, ముప్పై. మళ్ల లెక్కపెట్టిన, ముప్పయ్యే. కథ అయిపోయే కాగితం లేదు. కుట్టు కాడ అర వేలు వెడల్పు ముక్క మిగిలి ఉన్నది. చింపింది కాదు, బ్లేడు పెట్టి సాఫ్‌గ కోసిండ్రు.

ఏడేండ్లు ఎదురు చూసింది దీనికా? ఆడనే కెమెరా ఆన్ చేసి, కోసిన కాడ చూపెట్టుకుంట ఒర్రిన. "చూసిండ్రా! ఎవడో కసాయి కోసిండు. వాడు దొరకాలె నాకు!" వెంటనే పోస్ట్ చేసిన.

ఐలయ్య కాక స్టూల్ మీద నిమ్మలంగ కూసున్నడు. "కోపం అయిపోయిందా బిడ్డా? అయిపోతే చెప్త."

"ఏం చెప్తవ్? నువ్వే కోసినవా?"

"నేనెందుకు కోస్త! పుస్తకాలు కిరాయికిచ్చే షాపాయన కోసిండు. లైబ్రరీ సాంబయ్య అనేటోళ్లు. తొర్రూరు బస్టాండు కాడ ఉండె. మేం పోరలం పుస్తకం తీస్కపోతే వాపస్ ఇయ్యకపోదుం. అందుకని ప్రతి పుస్తకంల ఆఖరి కాగితం కోసి డబ్బల పెట్టుకునేటోడు. పుస్తకం తెచ్చిస్తెనే, ఆడ నిలబెట్టి, ఆ కాగితం చదువనిచ్చేటోడు."

కోపం ఏడికి పోయిందో, "నిజంగనా? ఇంకేం చేసేటోడు?" అని నేనే అడుగుతాన.

"ఈ పుస్తకం నా సంచిల ఉండంగనే హైదరాబాద్‌కు కూలి పనికి పోయిన. తిరిగొచ్చేసరికి షాపు లేదు. ముప్పై ఏండ్లాయె. రాజు ఖజానా దోసుకునే ముసుగు దొంగ ఎవడో నాకు ఇప్పటికీ తెల్వది. నీ దగ్గర ఇంకో కాపీ ఉంటదేమో, ఆ ఒక్క కాగితం చదువుకుందునని వచ్చిన."

"నా దగ్గర లేకనే కదా కాకా వీడియో పెట్టిన!"

"గప్పటి సంది దొరికిందేమో అనుకున్న."

నవ్వొచ్చింది. "సరే, ఇది నాకు అమ్ముతవా? ఎట్లున్నా తీసుకుంట."

"ఎట్ల అమ్మాలె? ఇది నాది కాదు గదా. వాపస్ ఇయ్యాల్సింది."

నాకు మళ్ల మండింది. ముప్పై ఏండ్లు ఇంట్ల పెట్టుకొని నాది కాదంటాండు! ఒర్రుదామనుకునేలోపల్నే ఫోన్ మోగింది. వీడియో కింద ఒకామె రాసింది: "ఆ కసాయి మా మామయ్యే, లైబ్రరీ సాంబయ్య. మేం హసన్‌పర్తిల ఉంటం."

కాకను స్కూటీ మీద ఎక్కించుకున్న. ఆఖరి కాగితంల ఏమున్నదో తను అనుకున్న కథ తొవ్వ పొడుగుతా చెప్పిండు. ముసుగు దొంగ రాజేనట. కరువుల జనానికి పంచనీకి తన ఖజానా తనే దోసుకుంటాండట. ముప్పై ఏండ్లు పత్తి చేండ్ల అనుకుంట అనుకుంట కట్టిన కథ అది.

హసన్‌పర్తిల సాంబయ్య తాత వరండాల కుర్చీల ఉన్నడు. నన్ను చూడంగనే, "కసాయి అన్నది నువ్వేనా?"

మొఖం ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే. "నేనే తాతా. తప్పైంది."

"తప్పు తర్వాత. పుస్తకం ఏది?"

ఐలయ్య కాక రెండు చేతులతోటి ఇచ్చిండు. తాత ఒక్కొక్క పేజీ తిప్పి చూసిండు. "నీళ్లు తాకనీయలే. మంచిగ పెట్టినవ్." కోడలితోటి బిస్కెట్ డబ్బ తెప్పిచ్చిండు. అండ్ల నంబర్ల ప్రకారం దారం కట్టిన కాగితాలు! ముప్పై ఏడు తీసిండు. కాక పక్క కుర్చీల కూసుండవోతాంటే, "ఏయ్, నిలబడి చదువాలె" అన్నడు.

కాక నిలబడ్డడు. నేను మెడ చాపిన. తాత చెయ్యి అడ్డం పెట్టిండు. "నువ్వేమన్న వాపస్ ఇచ్చినవా?"

"లేదు."

"మరి?"

కాక పెదవులు కదుపుకుంట చదివిండు. వెనక్కి తిప్పి చదివిండు. మళ్ల మొదటికెల్లి చదివి, కిసుక్కున నవ్విండు. "గింతేనా సారూ? నేను అనుకున్నదే మంచిగుండె."

నేను మాత్రం ఆగలే. "తాతా, ఆ పుస్తకం, కాగితం నాకియ్యి. 'రిస్టోరేషన్' చేస్త, అంటే పాడైనదాన్ని బాగు చేసుడు. సన్న కాగితం, గంజి పెట్టి అతికిస్తే కోసినట్టు కూడా తెల్వది."

తాత నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసిండు. "అతికిస్తే వాపస్ ఎవరు తెస్తరు?"

నేను చెయ్యి చాపి పుస్తకం అట్ట ముట్టుకున్న.

"చదువుతవా? తీస్కపో. వచ్చే ఆదివారం తే." పుస్తకం నా చేతిల పెట్టి, కాగితం డబ్బల పెట్టి మూత పెట్టిండు.

ఆ వారం ముప్పై ఏడు నా అల్మారల ఉన్నది. నలభై రెండుకు నలభై రెండు. ఫొటో తీసిన గాని పోస్ట్ చెయ్యలే. ఆదివారం చర్చి నుంచి బయటికొచ్చి శానాసేపు స్కూటీ మీదనే కూసున్న. జరమొచ్చిందని తాత కోడలికి మెసేజ్ పెట్టనీకి టైప్ కూడా చేసిన. ఎవరు అడుగుతరు? ముసలాయన వచ్చి గుంజుకుంటడా? కాని దొంగెవడో తెల్వక వారం రోజులు నిద్ర సక్కగ లేదు. మెసేజ్ చెరిపేసి హసన్‌పర్తి పోయిన.

పుస్తకం వాపస్ ఇచ్చి, ఆఖరి కాగితం నిలబడి చదివిన. బయటికి రాంగనే తొర్రూరుకు ఫోన్ కొట్టిన. "కాకా, నీదే మంచిగున్నది."

"ముందే చెప్పిన గదా మరి!"

ఇదివరకు పేజీ తక్కువుంటే 'ఇన్‌కంప్లీట్' అని రాసి పక్కకు పడేసేదాన్ని. ఇప్పుడు ముందు చూసేది చింపిండ్రా, కోసిండ్రా అని. కోసి ఉంటే, తెచ్చినోళ్లకు చాయ్ తెప్పిచ్చి ఎవరు కోసిండ్రో, ఎందుకు కోసిండ్రో అడుగుత. కసాయి అనే మాట నోట్లకు వస్తది, మింగుత.

నా అల్మారల ముప్పై ఆరుకు, ముప్పై ఎనిమిదికి నడుమ జాగ ఖాళీగనే ఉన్నది. చదువాలనిపిస్తే పోయి తెచ్చుకుంట. ఆదివారం వాపస్ ఇచ్చి, నిలబడి, ఆఖరి కాగితం చదువుకొని వస్త.