పేరు లేని జవాబు పత్రం

2023 వేసవి. వరంగల్‌లో ఒక కాలేజీ హాల్లో డిగ్రీ స్పాట్ వాల్యుయేషన్, అంటే లెక్చరర్లందరం ఒకేచోట కూర్చుని పేపర్లు దిద్దడం. నేను ఇంగ్లీషు చెబుతాను. పేపరు మీద పేరుండదు, హాల్ టికెట్ నంబరుండదు. కోడ్ ఒక్కటే ఉంటుంది. ఎవరిదో మాకు తెలియకూడదని ఆ ఏర్పాటు.

ప్రశ్న ఒక పాత అమెరికన్ నవలలోని ప్రతినాయకుడి మీద. యజమాని కొడుకు, తన మీద తనకు నమ్మకం లేక కనిపించిన ప్రతివాడి మీదికీ కొట్లాటకు పోయే మనిషి. ఒక పేపర్లో "అతడు రోజూ భార్య సెల్‌ఫోన్ చెక్ చేస్తాడు" అని ఉంది. ఆ కథాకాలంలో సెల్‌ఫోన్ ఎక్కడిది? నవ్వొచ్చి బల్ల చుట్టూ ఉన్నవాళ్లకు చదివి వినిపించాను. అందరూ నవ్వారు.

తర్వాతి వాక్యాలు పైకి చదవలేకపోయాను. "ఆమె అతనికంటే ఎక్కువ చదివింది. పుస్తకం పట్టుకుంటే కొడతాడు. తల్లిగారింటికని చెప్పి పరీక్షకు వచ్చింది. తెలిస్తే చంపుతాడు." చివర తెలుగులో ఒక్క ముక్క: "సార్, పాస్ చేయండి. ఉద్యోగం దొరికితే బయటపడతా."

పేపరు తీసుకెళ్లి చీఫ్ ఎగ్జామినర్ యాదగిరి సార్ ముందు పెట్టాను.

"ఈ అమ్మాయి ఎవరో తెలుసుకోవచ్చా సార్?"

"మాల్‌ప్రాక్టీస్ అని రాసియ్యాలె మేడమ్. దిద్దెటోళ్లను బతిమాలుకుంట రాస్తే గదే రూల్. అప్పుడు కోడ్ విప్పుతరు, పేరు దొరుకుతది."

"తర్వాత?"

"పేపర్ క్యాన్సల్. ఇంటికి నోటీసు పోతది." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అది ఎవలి చేతుల పడ్తదో జర మీరే సోంచాయించుండ్రి."

ఆమెను వెతకాలంటే ఆమెను పట్టివ్వాలి. నాకు భయమేసింది. జవాబు మళ్లీ మొదటినుంచి చదివాను. ఆ పాత్రను అంత బాగా అర్థం చేసుకున్నవాళ్లు ఆ కట్టలో ఇంకొకరు లేరు. పదిహేనుకు పన్నెండు వేశాను. యాదగిరి సార్ సంతకం పెట్టారు. ఆమె మిగతా పేపర్లు పాసైందో లేదో, అసలు బతికుందో లేదో నాకు తెలియదు.

ఇరవై ఏళ్లుగా ఆ నవల పాఠంలో "పాపం, అభద్రత వల్లే అతడలా తయారయ్యాడు" అని చెబుతూ వచ్చాను. అతని భార్యకు నవలలో పేరే లేదన్న సంగతి ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు పాఠం ఆ భార్యతోనే మొదలుపెడతాను. ఆ రోజు హాల్లో నవ్విన నవ్వు గుర్తొచ్చి ప్రతిసారీ సిగ్గేస్తుంది.

హాజరు కూడా నంబర్లతో కాక పేర్లతో పిలుస్తున్నాను. ఎవరైనా అమ్మాయి వారం రోజులు పలకకపోతే ఇంటికి ఉత్తరం రాయను, ఫోన్ చేయను. పక్కన కూర్చునే అమ్మాయిని పంపి కనుక్కుంటాను.