పదివేల ఎనిమిదో దీపం

కాళ్ళు ఇంకా లాగుతున్నాయి, కూర్చునే చెప్తాను. మొన్న బాగేపల్లి గుడిలో జనం నాకు దండం పెట్టారని విన్నారు కదా? అది భక్తి కాదు, నా ఖర్మ!

కార్తీక సోమవారం దీపోత్సవం. గుడి కమిటీ పెద్ద నారాయణప్ప మా బడికే వచ్చాడు. "మేడమ్మా, పదివేల ఎనిమిది దీపాలు మొక్కుకొన్నాము. నూరు సాళ్ళు, సాలుకి నూరు పెడితే ఎనిమిది మిగులుతాండాయి. వాటిని యాడ పెట్టేది? మీరు లెక్కల మేడమ్ కదా!"

ఆ మాట చాలదూ నాకు! చివర మూడంకెలు సున్నా, సున్నా, ఎనిమిది కాబట్టి ఎనిమిదితో పోతుంది. అంకెలు కూడితే తొమ్మిది కాబట్టి తొమ్మిదితోనూ పోతుంది. "డెబ్బై రెండు సాళ్ళు, సాలుకి నూటముప్పై తొమ్మిది. ఒక్కటి మిగిలితే నన్నడుగప్పా!" అన్నాను. అక్కడితో ఇంటికెళ్ళి పడుకొని ఉంటే బాగుండేది.

లేదు, సాళ్ళు వంకర పోతాయని ముగ్గుపిండితో గీతలన్నీ నేనే గీశాను. సాయంత్రానికి నడుము నాది కాదు. దానికి తోడు ఒక ఐడియా! "మధ్యలోవి తర్వాత అందవు. నడుమ నుంచి మొదలుపెట్టి, దీపం పెడుతూ, వెలిగిస్తూ వెనక్కి జరగండి." అందరూ శభాష్ అన్నారు. నేను నడుమ నిలబడి, చేతిలో ఒక ప్రమిద పట్టుకొని, "ఆ సాలు పక్కకి పోతాంది! బెత్తెడే ఎడం ఉండాల!" అని అరుస్తూనే ఉన్నాను.

గొంతు పోయాక చుట్టూ చూశాను. నాలుగు పక్కలా మంటలే! పాదం పెట్టే సందు లేదు. నేను నిలబడింది కూడా ఒక దీపం చోటే. కుచ్చిళ్ళు పైకి పట్టుకొని కొయ్యబారిపోయాను.

"ఏమండీ!" అని మా ఆయన్ని పిలిచాను. ఆయన ఫోన్ ఎత్తి, "కదలొద్దు, ఫోటో శానా బాగొస్తాండాది" అన్నారు.

నాలుగు దీపాలు తీసి దారి చెయ్యమని నారాయణప్పని బతిమాలాను. "మొక్కు దీపం కదిలించగూడదు, ఆర్పగూడదు మేడమ్మా. అవే కొండెక్కనీ" అన్నాడు. హారతి గంట మోగింది. గర్భగుడికి అడ్డంగా నేను, జనమంతా నా వైపే చేతులు జోడించారు. ఏడుపొకటే తక్కువ!

"మేడమ్మా, లెక్క సరిపాయనా?" అని నారాయణప్ప కేక.

"ఒకటి తక్కువప్పా! నా చేతిలో ఉండాది!"

అంటే నేల మీద పదివేల ఏడు. ఇంకేం పని ఉంది నాకు? ఒంటికాలి మీద నిలబడి, కాలు మార్చుకుంటూ దాన్ని భాగించడం మొదలుపెట్టాను. మూడుతో పోదు. ఏడుతో పోదు. పదమూడుతోనూ పోదు. నూరు దాటి చూడక్కర్లేదు; తొంభై ఏడు దాకా వచ్చేసరికి దీపాలు కొండెక్కాయి. దేనితోనూ పోలేదు! మా కన్నడ బడిలో అవిభాజ్య సంఖ్య అంటాం, మీ తెలుగు పుస్తకాల్లో ప్రధాన సంఖ్య. ఏ సంఖ్యా దూరలేని దాని నడుమకి దూరి ఇరుక్కున్నది నేనొక్కదాన్నే.