గాలి మొక్కలూ, గుమ్మం కలబందా

స్కూల్లో ఏడు పీరియడ్లు చెప్పి, బస్సులో అనకాపల్లి దాకా నిలబడే వచ్చి, భుజాన బ్యాగైనా దింపకుండా నా ఎయిర్ ప్లాంట్ల దగ్గరికి వెళ్ళాను. మట్టి అక్కర్లేకుండా గాలిలోనే బతుకుతాయంటే ఆన్‌లైన్‌లో మూడు తెప్పించి, పూడిమడక బీచిలో ఏరుకొచ్చిన కొయ్యముక్కకి కట్టి హాల్లో వేలాడదీశాను. ఓపిక ఉన్నా లేకపోయినా రోజూ బకెట్లో నానబెట్టి తీస్తున్నాను. మొదటిది పోయిన నెలలోనే పోయింది. ఇవాళ రెండోదాన్ని పట్టుకుంటే, మొదలు కుళ్ళిపోయి ఆకులన్నీ చేతిలోకి ఊడొచ్చేశాయి.

మా అత్తగారు చూసి బుగ్గలు నొక్కుకున్నారు.

"ఓలమ్మా, ఇదీ పోయినాదా? గాలి తిని బతుకుతాదన్నావు, రోజూ తానాలు సేయిత్తన్నావు! దిష్టికని గుమ్మానికి తలకిందులుగా కట్టిన కలబందకి నేనెప్పుడైనా సుక్క నీరు పోసేనా? ఎల్లి సూడు, పిల్లెట్టింది."

వెళ్ళి చూశాను. నిజంగానే పెట్టింది.

"ఎండిపోతుందేమోనని భయమేసింది అత్తయ్యా," అన్నాను.

"నీ బయమే దాన్ని సంపీసినాది," అన్నారావిడ.

మిగిలిన ఒక్కదాన్నీ నల్లతాడుతో కలబంద పక్కనే కట్టేసి, ఇక దాని జోలికి వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నాను. మీలో ఎవరైనా ఈ మొక్కల్ని బతికించినవాళ్ళుంటే, ఎలాగో చెప్పండి. ఇదీ చచ్చిపోతుందని కాదు నా దిగులు. నేను పట్టించుకోకపోతే హాయిగా బతికేస్తుందేమోనని.